అమ్మ కుట్టిన జాకెట్టుకు మార్కులు నాకొచ్చాయి

ఈసారి ఉత్తరం రాసింది హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. పేరు వేయొద్దంది, కాలేజీ పేరు తనే రాయలేదు. వాళ్లది తెనాలి దగ్గర ఒక ఊరు. నాన్న లేరు. అమ్మ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతూ ఈ అమ్మాయినీ తమ్ముణ్నీ చదివిస్తున్నారు.

పోయిన సెమిస్టర్‌లో ఎవరి కొలతలకు వాళ్లు ప్రిన్సెస్ కట్ జాకెట్టూ (ఛాతీ మీదుగా నడుము దాకా వంపు తిరిగే నిలువు కుట్లు ఉండేది) దాని కిందికి లంగా కుట్టుకుని, తొడుక్కుని చూపించాలట. ఈ అమ్మాయి జాకెట్టు మూడుసార్లు కత్తిరించింది. మూడుసార్లూ ఎడమ భుజం దగ్గర గుడ్డ జారి చంక కింద ముడతలు పడ్డాయి. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా గుడ్డంతా మూటకట్టి బస్సు పార్సిల్లో ఇంటికి పంపేసింది. అమ్మ రెండు రాత్రులు కూర్చుని కుట్టి పంపారు. కొలిచి పోసినట్టు సరిపోయింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి, పైగా మేడమ్ దాన్ని డిస్‌ప్లేలో పెట్టించి కింద ఈ అమ్మాయి పేరు రాయించారు.

ఇప్పుడు నాలుగో సెమిస్టర్. ఈసారి ఇంటి దగ్గర కుట్టి తెచ్చేది కాదు. క్లాసులోనే ఇద్దరిద్దరు జంటగా, ఒకరి ఒంటి మీద ఒకరు కోరా గుడ్డ పరిచి డ్రేప్ చేసి, అంటే ఒంటికి తగ్గట్టు సూదులతో అమర్చి, దాన్నుంచి ప్యాటర్న్ (కత్తిరించడానికి నమూనా) తీసి, కుట్టుకుని, చివర్లో జ్యూరీ (మార్కులు వేసేవాళ్లు) ముందు తొడుక్కుని నిలబడితే వాళ్లు "ఇక్కడ ఈ మార్పు ఎందుకు చేశావు" అని అడుగుతారు. మొదటి క్లాసులోనే జంట అమ్మాయి "నీ భుజమేంటే ఒక పక్కకి వాలింది" అని గట్టిగా అనేసిందట. అబ్బాయిలు కూడా ఉన్న క్లాసు, కొందరు నవ్వారు. ఆ తర్వాత రెండు క్లాసులు ఎగ్గొట్టింది.

"నిజం చెప్తే మార్కులు పోతాయి, అమ్మ పరువూ పోతుంది. చెప్పకపోతే జ్యూరీలో దొరికిపోతా. రూమ్మేట్‌కి ఒక్కదానికే తెలుసు, నోరు మూసుకుని ఉండమంటోంది. అమ్మేమో 'మళ్లీ పంపవే, కుట్టి పంపిస్తా, తల్లి సాయం చేస్తే దొంగతనమా' అంటోంది. అసలు నాకు కుట్టు రాదేమో, కోర్సు మానేయనా?" అని అడిగింది. చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో ముక్క రాసింది: "డమ్మీ (బట్టలు తొడిగి చూసే బొమ్మ) మీద వేస్తే నా జాకెట్టు బాగానే ఉంటుంది, నా ఒంటి మీదే బాగోదు."

నిన్ను నువ్వు అనే పిలుస్తాను, మా చిన్నదాని కంటే చిన్నదానివి.

ఆ చివరి ముక్క దగ్గరే మొదలుపెడతాను. డమ్మీ మీద బాగుందంటే నీకు కుట్టు వచ్చినట్టే. ప్రిన్సెస్ కట్‌లో ఆ వంపు తిరిగే కుట్టు ముడత లేకుండా డమ్మీ మీద కూర్చోబెట్టావంటే చెయ్యి బాగానే తిరిగింది. నా మొదటి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాను, కుట్టాక గానీ తెలియలేదు, ఆ మాటకొస్తే నాకు నేర్పినావిడ చెప్పేదాకా తెలియలేదు. నీకు ఇంకా పట్టుబడనిది ఫిట్టింగ్. అది కుట్టు కంటే వేరే విద్య. డమ్మీకి రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉంటాయి, అది ఊపిరి పీల్చదు, బస్సులో రాడ్డు పట్టుకోదు. నువ్వు దానిలాగే రెండు పక్కలూ సమానమన్నట్టు కుట్టి, దాన్ని తెచ్చి నువ్వు తొడుక్కున్నావు, మూడుసార్లూ జరిగింది ఇదే.

ఆ డమ్మీ అయినా మనవాళ్లను చూసి చేసింది కాకపోవచ్చు. మన దేశంలో దొరికే సైజులు చాలాకాలం అమెరికా, యూరప్ చార్టుల్ని కాస్త అటూ ఇటూ జరిపి వాడుకున్నవే. మనకంటూ ఒక చార్టు ఉండాలని నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) వాళ్లు 'ఇండియా సైజ్' పేరుతో 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే సర్వే తలపెట్టారు. కొలతలకు ఎంచుకున్న 6 నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. ఎంత మంచి చార్టు వచ్చినా అది సగటు మనిషికే వస్తుందిలే. సగటు మనిషి మీ హాస్టల్లో ఏ గదిలోనూ ఉండదు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. మీ అమ్మగారు నీకు కుట్టిన జాకెట్టు ఏదైనా తీసుకో, డిస్‌ప్లేలో ఉన్నది దొరక్కపోతే పాతదే. హుక్స్ పెట్టేసి, వెనక భాగాన్ని నడుమ నిలువునా మడిచి, పక్క కుట్లు రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా మంచం మీద పరుచు. భుజాల చివర్లు కలుస్తున్నాయా? కలవవని నా అనుమానం. ఎడమ పక్కది ఓ అరంగుళం కిందికి ఉంటుంది, ఆ పక్క చంక కూడా అంతే కిందికి దిగి ఉంటుంది. నువ్వు రాసిన ముడతలు, అంటే మెడ దగ్గర మొదలై ఏటవాలుగా ఎడమ చంక కిందికి పోయేవి, వాలిన భుజానికే పడతాయి. ఇంకో గుర్తు కూడా చెప్పనా, ఓణీ వేసుకున్నప్పుడు నీ పైట మిగతావాళ్ల కంటే ఎక్కువ జారుతుంది, పిన్ను లేనిదే నిలవదు. అవునా?

అదే నిజమైతే మీ అమ్మ నీకు లంగా జాకెట్లు కుట్టే రోజుల నుంచీ ఆ అరంగుళం సరిచేస్తూనే ఉన్నారన్నమాట. నీకు చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని ఆవిడకు తోచి ఉండదు. ఆది జాకెట్టు పెట్టి కత్తిరించేవాళ్లు చాలామంది అంతే, మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి ఇక్కడ కాస్త, అక్కడ కాస్త చేత్తోనే సర్దేస్తారు, దానికి పేరు పెట్టరు, కాగితం మీద రాయరు. నువ్వు బాడీస్ బ్లాక్ (ఒంటి పైభాగానికి మూల నమూనా) గీసి, ఛాతీలో నాలుగో వంతు లెక్కేసి, దాన్నే రెండు పక్కలకీ తిప్పి గీశావు. లెక్క ఎక్కడా తప్పలేదు. ఒంట్లో ఒక పక్కే కొలిచావు, అంతే.

భుజం సంగతి కూడా మాట్లాడుకుందాం, అది నిన్ను బాగా గుచ్చుకున్నట్టుంది. రెండు భుజాలూ గీత గీసినట్టు సమంగా ఉండేవాళ్లు చాలా తక్కువమంది. ఎక్కువగా వాడే చేతి వైపు కాస్త దిగి ఉండటం, ఒక పక్క తుంటి ఎత్తుగా ఉండటం, కొద్దిగా వీపు వంగడం, ఇవన్నీ టైలర్ ముందు రోజూ నిలబడే ఒళ్లే. నొప్పి ఉన్నా, తేడా ఈమధ్య పెరిగిందనిపించినా, ముందుకు వంగినప్పుడు వీపు ఒక పక్క ఉబ్బినట్టు కనిపించినా ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించు. అవేవీ లేకపోతే టెన్షన్ పడకు, ఇది గుడ్డతో తేలిపోయే వ్యవహారం.

ఎలాగంటే, పాత కాటన్ చీరో కోరా గుడ్డో తీసుకుని ముందు తడిపి ఆరేసుకో, లేకపోతే కుట్టాక కుంచించుకుపోయి మళ్లీ మొదటికొస్తావు. పడుగు (గుడ్డలో నిలువు దారం) ఎటుందో చూసి, ముందు నడుమ ఒక నిలువు గీత, ఛాతీ దగ్గర ఒక అడ్డ గీత పెన్సిల్‌తో గీసుకో. మిషన్ మీద కుట్టు పొడవు పెద్దది పెట్టి కుట్టు, విప్పడం తేలిక. తొడుక్కున్నాక ముడతల కంటే ముందు ఆ అడ్డ గీతను చూడు. ఎడమ పక్కకి దిగజారిందా, భుజం చివర గుడ్డను పైకి లాగి గీత సమంగా వచ్చేదాకా గుండుసూది పెట్టమను. మెడ దగ్గర సున్నా, భుజం చివర అరంగుళం. ముందు భాగంలో అరంగుళం, వెనక భాగంలోనూ అరంగుళం. ఇక్కడ చాలామంది మర్చిపోయేది చంక. పైన అరంగుళం తీసేశావు కాబట్టి చంక అడుగునా అంతే కిందికి దింపాలి, లేకపోతే చెయ్యెత్తగానే కోసుకుపోతుంది. రెండూ చేస్తే చంక చుట్టుకొలత మారదు, చేతుల ప్యాటర్న్ ముట్టుకోనక్కర్లేదు.

ఇంకోటి, దీని మీద ఒక రోజంతా పోగొట్టుకున్న అనుభవంతో చెప్తున్నా. ఫిట్టింగ్ చూసేటప్పుడు కుట్లు పైకి కనిపిస్తే సూదులు పెట్టడం సులువని జాకెట్టు తిరగేసి తొడుక్కుంటారు. రెండు పక్కలూ ఒకేలా ఉన్న ఒంటికి పర్వాలేదు. నీకు మాత్రం కొంప మునుగుతుంది, ఎందుకంటే తిరగేస్తే ఎడమది కుడివైపుకి వస్తుంది. సూదులు పెట్టినంతసేపూ బ్రహ్మాండంగా ఉంటుంది, కుట్టి సరిగ్గా తొడిగేసరికి బాగున్న భుజం పాడై, పాడైనది పాడైనట్టే ఉంటుంది. నువ్వు మూడుసార్లు చేసినదాంట్లో ఒకసారైనా ఇలా జరిగి ఉండొచ్చేమో గుర్తు చేసుకో. ఈ కోరా గుడ్డ టెస్ట్ ఫిట్ ఎప్పుడూ సరైన వైపే తొడుక్కో, ముక్కల మీద ఎ, కు అని పెద్దగా రాసుకో.

భుజం సరిచేయడానికి రెండో దారి కూడా ఉంది, ఎడమ పక్క లైనింగ్ లోపల పల్చటి షోల్డర్ ప్యాడ్ పెట్టి రెండు భుజాలూ సమం చేయడం. కోటులో అయితే నేనూ అదే అంటాను. పల్చటి గుడ్డలో మాత్రం ప్యాడ్ అంచు పైకి కనిపిస్తుంది, మన ఎండలకి ఉక్క, స్లీవ్‌లెస్‌కి కుదరదు. జ్యూరీకి ఏది చేసినా పర్వాలేదు, ఎందుకు చేశావో చెప్పగలగాలి. ఒంటిని అనుసరించి కత్తిరించాననో, తేడా కనపడకుండా దాచాననో, రెంటికీ అర్థముంది.

నీ కొలతలు నువ్వే తీసుకోవద్దు. టేపు చదవడానికి తల వంచగానే వీపు సాగుతుంది, ముందు పొడవు తగ్గుతుంది, చెయ్యెత్తితే భుజం కదులుతుంది. రూమ్మేట్‌ని పట్టుకో, ఎలాగూ గుట్టంతా ఆ అమ్మాయికి తెలుసు. నడుముకి సన్నటి ఎలాస్టిక్ కట్టుకుని, అద్దంలోకి కాకుండా ఎదురుగోడ వైపు చూస్తూ నిలబడు. భుజం చివర నుంచి ఎలాస్టిక్ దాకా ముందూ వెనకా, ఎడమా కుడీ, నాలుగు కొలతలు విడివిడిగా రాయమను. ఇంకాస్త ఓపిక ఉంటే, పాడైపోయినా పర్వాలేదనుకున్న బిగుతు టీషర్టు వేసుకుని దాని మీద రెండు మూడు పొరలు ప్యాకింగ్ టేపు చుట్టించుకుని, వీపు మధ్య నిలువునా కత్తిరించి తీసేసి, కోసిన చోట మళ్లీ టేపు అతికించి, లోపల గుడ్డపీలికలు కుక్కితే నీ ఒళ్లే డమ్మీ అవుతుంది, వాలిన భుజంతో సహా. గంటకి పైనే పడుతుంది, ఫ్యాన్ కింద చేయండి, ఛాతీ దగ్గర బిగించొద్దు, తల తిరుగుతున్నట్టుంటే వెంటనే కోసేయమను, కత్తెర మొన మొద్దుగా ఉన్నది చూసుకోండి.

క్లాసులో జరిగినదానికి వస్తే, ఆ అమ్మాయి చెడ్డదని నేననుకోను, డ్రేప్ చేస్తున్నప్పుడు కంటికి కనిపించింది నోటికొచ్చేసింది. దాన్ని అందరూ వినేలా అనడం తప్పే. ఈ పని చేసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సిందే ఇది, ఒంటి గురించి చెప్పాల్సినదాన్ని గుడ్డ గురించి చెప్పాలి. "నీ భుజం వాలింది" అనకుండా "ఎడమ పక్క గుడ్డ ఎక్కువైంది, తీద్దామా" అనాలి. రేపు నీ దగ్గరికి కస్టమర్ వచ్చినప్పుడు నీకీ మాట పనికొస్తుంది. ప్రస్తుతానికి మేడమ్‌ని అడగగలిగినవి కొన్ని ఉన్నాయి: తెర వేసిన మూలో ఖాళీ గదో, నీకు నచ్చిన జంట, ఫొటోలు నీ ఫోన్‌లో మాత్రమే. ఇవి గొంతెమ్మ కోరికలేం కాదు. ఆ అమ్మాయితోనే కొనసాగి "మొన్న అలా అన్నావు, నాకు కష్టమనిపించింది" అని ఒక్క ముక్క అనగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే తేడా ముందుగా పట్టుకున్న కన్ను ఆ పిల్లదే. మాట తీరు బాగోలేదు గానీ చూపు బాగుంది. అనలేకపోతే జంట మార్చుకో, అందులోనూ తప్పు లేదు. క్లాసులు మాత్రం ఎగ్గొట్టకు, ఈ సెమిస్టర్‌లో నేర్చుకునేదంతా అక్కడే ఉంది.

ఇక అసలు ముల్లు. మీ అమ్మగారి మాటకు ముందు జవాబు చెప్తాను. తల్లి సాయం దొంగతనం కాదు. ఇంట్లో తొడుక్కునే జాకెట్టు ఆవిడ కుడితే అది ప్రేమే. కాలేజీలో ఇచ్చినది మాత్రం "నువ్వేం నేర్చుకున్నావో చూపించు" అనే పరీక్ష, అక్కడ ఆవిడ పని కింద నీ పేరు పడింది. ఇంకో కోణం నుంచి చూడు, మీ అమ్మ జీవితంలో ఒక డిజైన్ కాలేజీ డిస్‌ప్లేలో పెట్టిన మొదటి జాకెట్టు అదేనేమో, కింద ఆవిడ పేరు లేదు. నీకు గుచ్చుకుంటున్నది మార్కులొక్కటే కాదేమోననిపించింది నాకు, ఉత్తరంలో ఆ రెండు రాత్రుల సంగతి రెండుసార్లు రాశావు.

నీ ముందున్న దారులు చూద్దాం. మళ్లీ అమ్మకు పంపడమనేది ఈసారి కుదిరే పని కాదు, నీ ఒంటి మీద నీ క్లాసులో జరిగేది తెనాలిలో కుట్టలేరు. దాన్ని పక్కన పెట్టు.

చెప్పకుండా ఉండి, ఇప్పటి నుంచి నిజాయితీగా నేర్చుకోవడం ఒకటి. చాలామంది ఇదే చేస్తారు, అబద్ధమెందుకు. ఈ సెమిస్టర్ పని నీ చేత్తో బాగా చేస్తే పాత సంగతి మెల్లగా మరుగున పడొచ్చు. కాకపోతే మేడమ్ కొత్తదాన్ని పాతదాంతో పోలుస్తారు, "అప్పుడంత బాగా చేశావు, ఇప్పుడేమైంది" అంటే ఇంకో అబద్ధం కావాలి. రూమ్మేట్‌తో ఏ రోజు మాటామాటా పెరిగినా భయమే. పైగా ఆ మార్కుల వల్ల నీకు ప్రైజో స్కాలర్‌షిప్పో వచ్చి ఉంటే, ఆ మేరకు ఇంకొకరికి రాకుండా పోయినట్టు. నీ ఉత్తరంలో ఆ వివరం లేదు. అది ఉంటే ఈ దారి చాలా ఇరుకైపోతుంది.

రెండోది జ్యూరీకి ముందే, మేడమ్ ఒక్కరే ఉన్నప్పుడు చెప్పేయడం. ముందు మీ కాలేజీ రూల్స్ ఒకసారి చదువు. మార్కులు తగ్గించొచ్చు, మళ్లీ చేయమనొచ్చు, ఆ పేపర్ బ్యాక్‌లాగ్ పెట్టినా పెట్టొచ్చు, ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. నలుగురికీ తెలిసే అవకాశమూ ఉంది. వెళ్తే ఉత్త చేతులతో వెళ్లకు. నువ్వు పాడుచేసిన మూడు జాకెట్లలో ఏది మిగిలితే అది, అమ్మ కుట్టిన పాతది ఒకటి, ఇప్పుడు సరిచేసిన టెస్ట్ ఫిట్ పట్టుకెళ్లు. "నాకు కుదరక అమ్మతో కుట్టించాను, కుదరకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది, ఇదిగో" అని చూపించు. కుదిరితే ఆ కిందటి పని మళ్లీ చేసి ఇస్తానని నువ్వే అడుగు. రూమ్మేట్ పేరు ఎత్తకు. అమ్మ బలవంతం చేసిందన్నట్టు కూడా మాట్లాడకు, పార్సిల్ కట్టింది నువ్వు.

నేను నీ స్థానంలో ఉంటే రెండో దారి పడతాను. కానీ నేను పోగొట్టుకునేదేం లేదు కాబట్టి చెప్పడం తేలికే. ఫీజు కట్టేది మీ అమ్మ, మళ్లీ పరీక్ష రాయాల్సింది నువ్వు. అందుకే ఏది చేసినా ముందు అమ్మకు చెప్పు. పరువు పోతుందని నువ్వు అనుకుంటున్నావు గానీ ఆవిణ్ని అడిగినట్టు లేదు. 'మళ్లీ కుట్టి పంపిస్తా' అన్నావిడకి నువ్వు అక్కడ ఎంత అవస్థ పడుతున్నావో తెలియకపోవచ్చు, క్లాసులో అన్న మాట చెప్పావా?

కోర్సు మానేయడం గురించి ఒక్క ముక్క. డిజైనర్‌కి కుట్టు రానక్కర్లేదు, కటింగ్ మాస్టర్లు చూసుకుంటారు అని నీకు చెప్పేవాళ్లుంటారు. మాస్టర్లు చూసుకునే మాట నిజమే. కానీ "మాస్టరుగారూ, ఇక్కడేదో బాగోలేదండీ" అనే డిజైనర్ చేతికి ఆయన ఏది ఇస్తే అదే. "ఎడమ భుజం చివర అరంగుళం తీయండి, మెడ దగ్గర సున్నా, చంక దింపండి" అంటే ఆయన తలెత్తి చూస్తాడు. ఈ సెమిస్టర్ పూర్తయ్యాక మానేయాలనిపిస్తే అప్పుడు ఆలోచించు, ఇప్పుడైతే అది పారిపోవడమవుతుంది.

వచ్చే సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు కోరా గుడ్డ ఓ రెండు మీటర్లు తీసుకెళ్లి, నీ మీదే డ్రేప్ చేయమని అమ్మను కూర్చోబెట్టు. ఆవిడ సర్దిన చోటల్లా ఆపి, ఎందుకలా అని అడుగు. "ఏమోనే, అలా చేస్తేనే కూర్చుంటుంది" అంటారు, విసుక్కుంటారు కూడా. విసుక్కోనీ. సర్దక ముందూ సర్దాకా టేపు పెట్టి కొలిచి నీ నోట్‌బుక్‌లో రాసుకో. పాత జాకెట్టు ఒకటి విప్పి ప్యాటర్న్ తీసుకుంటే ఇంకా బాగుంటుంది, కానీ ఏది విప్పాలో అమ్మనే అడుగు. విప్పేటప్పుడు ఎడమ పక్కే ముందు విప్పి, ఇస్త్రీ చేసి కాగితం మీద గీసుకున్నాకే కుడి పక్క జోలికెళ్లు, రెండూ ఒకేసారి విప్పితే ఏ ముక్క ఎటుదో తెలియక మళ్లీ తికమకపడతావు.